మెదడుకు రక్తం ఎక్కువగా వెళ్తోందంటే మంచిదేనా?

అమ్మా, మీరు రాసినదంతా రెండుసార్లు చదివాను. మీకు 34 వారాలు నిండాయి. మొన్న చేయించిన స్కానింగులో బిడ్డ బరువు సుమారు 1.8 కిలోలు, గుండె నిమిషానికి 148 సార్లు, ఉమ్మనీరు సరిపడా, బొడ్డుతాడు ధమని పి.ఐ. (నాళం బిగుతును చూపే అంకె) 1.05, మెదడు ధమని పి.ఐ. 1.20, రెండింటి నిష్పత్తి 1.14 అని ఉంది. చివర ‘మెదడుకు రక్తప్రసరణ పెరిగినట్టు కనిపిస్తోంది, డాక్టరుకు చూపించండి’ అని రాశారు. నిన్న సాయంత్రం నుంచి బిడ్డ తిరగడం తగ్గినట్టు మీకు అనిపిస్తోంది. గుండె బాగానే కొట్టుకుంటోంది, మెదడుకు రక్తం కావలసినదానికంటే ఎక్కువే వెళ్తోంది, ఇక భయమెందుకని మీవారు అంటున్నారు. నెలలు నిండే కొద్దీ చోటు చాలక బిడ్డ కదలడం తగ్గుతుందని మీ అత్తగారు అంటున్నారు. ఈ మాటలు నిజమేనా అని మీరు అడిగారు.

చేయవలసిన పని ముందు చెప్పి, కారణాలు తర్వాత వివరిస్తాను. ఇది చదివిన వెంటనే బయలుదేరి ఆసుపత్రికి వెళ్లండి. బిడ్డ గుండె వేగాన్ని గీతగా గీసే ఎన్.ఎస్.టి. యంత్రం, నాళాల్లో రక్తప్రవాహాన్ని చూసే డాప్లర్ స్కానింగు, రాత్రివేళ కూడా ఆపరేషన్ చేయగల ఏర్పాటు, నెలలు నిండని బిడ్డలను చూసుకునే విభాగం ఉన్న ఆసుపత్రి అయితే మంచిది. వింజమూరు వైపు నుంచి కాబట్టి కావలికి వెళ్లాలా, నెల్లూరుకు వెళ్లాలా అన్నది ఈ నాలుగూ ఎక్కడున్నాయో చూసి నిర్ణయించుకోండి. బండి దొరకకపోతే 108కి ఫోన్ చేయండి. రేపు మంచిరోజు కాదనో, వచ్చే వారం ఎలాగూ చూపించుకోవాలి కదా అనో ఆగవద్దు. మిగిలినది దారిలో చదువుకోవచ్చు.

నెల్లూరులో 27 ఏళ్లుగా కాన్పులు చేస్తున్నాను. డాప్లర్ రిపోర్టులో ఇంతగా అపార్థం చేసుకునే వాక్యం ‘మెదడుకు రక్తప్రసరణ పెరిగింది’ అన్నదొక్కటే. చదివినవారు కూడా దాన్ని శుభవార్తగానే తీసుకుంటారు. అందుకే ఆ మాటతోనే మొదలుపెడతాను.

కడుపులో ఉన్న బిడ్డకు ప్రాణవాయువు మాయ నుంచి, బొడ్డుతాడులోని సిర ద్వారా వస్తుంది. ఆ మంచి రక్తంలో ఒక భాగం కాలేయంలోకి పోకుండా డక్టస్ వీనోసస్ అనే సన్నని నాళం గుండా వేగంగా గుండెను చేరి, గుండె పై గదుల మధ్య ఉండే రంధ్రం దాటి ఎడమవైపుకు వెళ్లి, అక్కడి నుంచి ముందుగా గుండె కండరానికి, మెదడుకు అందుతుంది. అంటే అన్నీ సవ్యంగా ఉన్న రోజుల్లో కూడా మేలైన రక్తం మొదట మెదడుకే చేరుతుంది. మాయ బలహీనపడి ప్రాణవాయువు తగ్గినప్పుడు ఈ ఏర్పాటు ఇంకా బిగుస్తుంది. మెడలోని ధమనుల దగ్గర ఉండే గ్రాహకాలు కొరతను పసిగడతాయి. చర్మం, కాళ్లు చేతులు, పేగులు, మూత్రపిండాలకు వెళ్లే నాళాలు ముడుచుకుంటాయి. మెదడు, గుండె, అడ్రినల్ గ్రంథుల నాళాలు వెడల్పవుతాయి. మూత్రపిండాలకు రక్తం తగ్గితే బిడ్డ మూత్రం తగ్గుతుంది, దానితో కొన్నాళ్లకు ఉమ్మనీరూ తగ్గుతుంది.

సోమశిల జలాశయంలో నీటిమట్టం పడిపోయిన ఏడు ఏం జరుగుతుందో మన జిల్లావాళ్లకు చెప్పనక్కరలేదు. ఎడగారు పంటకు నీళ్లివ్వలేమని ముందే చెప్పేస్తారు, పొలాలకు పారే కాలువలు కట్టేస్తారు, ఉన్న నీటిని తాగడానికి దాచి వదులుతారు. ఆ వేసవిలో కుళాయిలో నీళ్లు వస్తున్నాయంటే జలాశయం నిండుగా ఉందని అర్థం కాదు, పొలాలు ఎండబెట్టి కుళాయిని కాపాడుతున్నారని అర్థం. మీ రిపోర్టులోని వాక్యాన్ని కూడా ఇలాగే చదవాలి. మెదడు నాళాలు వెడల్పయ్యాయంటే మిగతా శరీరం ఎక్కడో పస్తు ఉంటోందేమోనని అనుమానించాలి. ఈ ఏర్పాటు బిడ్డకు కొంతకాలం రక్షణ ఇస్తుంది, కానీ అది సంపూర్ణమైన రక్షణ కాదు. చాలా వారాలు ఇలా నెట్టుకొచ్చిన పిల్లల్లో కొందరికి తర్వాత ఎదుగుదలలో సూక్ష్మమైన తేడాలు కనిపించిన సందర్భాలు ఉన్నాయి.

ఇక పి.ఐ. అనే అంకె సంగతి. అది రక్తం ఎంత వెళ్తోందో కొలవదు. గుండె కొట్టినప్పుడు నాళంలో రక్తం ఎంత వేగంగా దూకింది, రెండు దెబ్బల మధ్య ఆ వేగం ఎంతకు పడిపోయింది అన్నది చూసి, ఆ తేడాను సగటు వేగంతో భాగిస్తే వచ్చేదే పి.ఐ. నాళం బిగుతుగా ఉంటే దెబ్బకూ దెబ్బకూ మధ్య ప్రవాహం బాగా పడిపోతుంది, అంకె పెరుగుతుంది. నాళం వదులైతే మధ్యలో కూడా ప్రవాహం సాగుతూ ఉంటుంది, అంకె తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్న బిడ్డలో మాయ వైపు నాళాలు వదులుగా, మెదడు నాళాలు కొంత బిగుతుగా ఉంటాయి. అందుకే మెదడు పి.ఐ.ని బొడ్డుతాడు పి.ఐ.తో భాగిస్తే 34 వారాల దగ్గర సాధారణంగా 2కు దగ్గరగా వస్తుంది. మీకు 1.14 వచ్చింది. 1 కంటే తక్కువైతేనే ప్రమాదమని కొందరు అనుకుంటారు గానీ, నెలలను బట్టి ఉండే పట్టికతో పోల్చి చూడటమే సరైన పద్ధతి. ఆ పట్టిక ప్రకారం 34 వారాలకు 1.14 అన్నది బాగా తక్కువే.

మెదడు నాళపు అంకెను బిడ్డ గుండె వేగం, కదలిక రెండూ మార్చగలవు. మీరు అడిగిన మూడు విషయాలు ముడిపడేది ఇక్కడే. గుండె వేగంగా కొట్టుకుంటున్నప్పుడు ఒక దెబ్బ తాలూకు ప్రవాహం పూర్తిగా తగ్గకముందే రెండో దెబ్బ వచ్చి పడుతుంది. అప్పుడు నాళం ఏమాత్రం వెడల్పు కాకపోయినా పి.ఐ. తగ్గి కనిపిస్తుంది. గుండె నెమ్మదించినప్పుడు దీనికి విరుద్ధంగా జరుగుతుంది. అందుకని వేగం 110కీ 160కీ మధ్య నిలకడగా ఉన్నప్పుడు తీసిన అంకెకే విలువ ఉంటుంది.

కదలికది ఇంకొంచెం లోతైన విషయం. కడుపులో బిడ్డ ఎప్పుడూ ఒకే తీరుగా ఉండదు. నెదర్లాండ్స్‌లో నైహౌస్, ప్రెక్టెల్ తదితర పరిశోధకులు 1982లో నెలలు నిండవచ్చిన బిడ్డల గుండె చప్పుడును, కళ్ల కదలికలను, శరీరపు కదలికలను ఒకేసారి గమనించి, అవి నాలుగు స్థితుల మధ్య మారుతుంటాయని వర్ణించారు. వాటిలో ఒకటైన గాఢనిద్రలో గుండె వేగాన్ని చూపే గీత సన్నగా, మార్పు తక్కువగా ఉంటుంది. కదలికలు నిద్రలో ఉలిక్కిపడ్డట్టు అరుదుగా వస్తాయి. చురుకైన నిద్రలో కళ్లు కదులుతాయి, బిడ్డ తరచుగా ఒళ్లు విరుచుకుంటుంది, కదిలినప్పుడల్లా గుండె వేగం పైకి లేస్తుంది. ఈ చురుకైన స్థితిలో మెదడు ఎక్కువగా పనిచేస్తుంది కాబట్టి దాని నాళాలు సహజంగానే కొంత వదులవుతాయి, పి.ఐ. గాఢనిద్రలో కంటే తక్కువ వస్తుంది. ఆ తర్వాత అదే దేశంలో జరిగిన పరిశీలనల్లో ఆరోగ్యంగా ఉన్న బిడ్డల్లో నిద్ర స్థితిని బట్టి మెదడు రక్తప్రవాహం ఇలా మారుతూ ఉందనీ, ఎదుగుదల కుంటుపడిన బిడ్డల్లో ఆ తేడా చెరిగిపోతోందనీ తేలింది. నా దృష్టిలో ఇది చాలా ముఖ్యమైన సంగతి. నాళాలు అప్పటికే చాతనైనంత వెడల్పు అయి ఉంటే నిద్రకూ మెలకువకూ తగినట్టు సర్దుకునే వెసులుబాటు ఇక వాటికి మిగలదు.

కాబట్టి మెదడు నాళాన్ని కొలిచేటప్పుడు బిడ్డ కదలకుండా, ఊపిరి ఆడించే కదలికలు కూడా లేకుండా ఉన్న క్షణం కోసం ఓపికగా కాచుకోవాలి. పొట్ట మీద పెట్టే స్కానింగు పరికరాన్ని (ప్రోబ్‌ను) బిడ్డ తలపై గట్టిగా నొక్కకూడదు. నొక్కితే మధ్యలో ప్రవాహం పడిపోయి అంకె లేనిపోని ధైర్యాన్నిస్తుంది. నాళం పుట్టుకకు దగ్గరగా, ప్రవాహానికి ఎదురుగా గీత పెట్టి చూడాలి. బయట ముప్ఫైమంది వేచి ఉన్న స్కానింగు గదిలో ఇంత ఓపిక అన్నివేళలా దొరకదు. అందుకే ఒక్క స్కానింగుతో నిర్ణయానికి రాకుండా రెండోసారి చూస్తాం. నాకు గుర్తున్న ఒక తల్లి కోవూరు నుంచి 101 డిగ్రీల జ్వరంతో వచ్చింది. బిడ్డ గుండె 172, మెదడు పి.ఐ. తక్కువ, నిష్పత్తి తక్కువ అని కాగితంలో ఉంది. ఇంటివాళ్లు ఆపరేషన్‌కు సిద్ధపడి వచ్చారు. బరువు నెలలకు తగ్గట్టు ఉంది, కదలికలు చక్కగా ఉన్నాయి. జ్వరం తగ్గించి, మర్నాడు బిడ్డ గుండె 144 మీద ఉన్నప్పుడు మళ్లీ కొలిస్తే అంకెలన్నీ మామూలుగా వచ్చాయి. ఆమె నెలలు నిండాక మామూలు కాన్పు అయింది.

దీన్ని చూసి మీది కూడా కొలతలో పొరపాటేనని అనుకోవద్దు. మీ రిపోర్టులో గుండె వేగం 148, అది సాధారణమే. కాబట్టి వేగం వల్ల అంకె తగ్గిందని చెప్పలేం. బరువు 34 వారాలకు ఉండవలసిన దానికంటే తక్కువ. పైగా కదలికలు తగ్గాయని మీరే చెబుతున్నారు. ఒక్కొక్కటి విడిగా అయితే ఆలోచించవచ్చు, మూడూ ఒకే వైపు చూపిస్తున్నప్పుడు నేను ఆగను. బొడ్డుతాడు అంకె 1.05 బాగానే ఉంది కదా అని మీరు అడగవచ్చు. మాయలో గణనీయమైన భాగం దెబ్బతింటే గానీ ఆ అంకె చెడదు. 32 వారాలు దాటాక మొదలయ్యే ఎదుగుదల లోపంలో బొడ్డుతాడు డాప్లర్ బాగానే ఉండి, మెదడు నాళం ఒక్కటే ముందుగా మారడం మేం తరచుగా చూస్తాం.

ఇప్పుడు ‘గుండె బాగానే కొట్టుకుంటోంది’ అన్న మాట. 148 అనేది ఒక సగటు మాత్రమే. ఆ సగటు చాలా ఆలస్యంగా గానీ చెడదు. ముందుగా చెడేది గుండె దెబ్బల మధ్య ఉండే హెచ్చుతగ్గు. ఒక నరం గుండెను వేగపరుస్తుంటే ఇంకొకటి నెమ్మదింపజేస్తూ ఉంటుంది. ఆ రెండింటినీ నడిపేది మెదడు కాండం. బిడ్డ కదిలినప్పుడు గుండె వేగం 15 దెబ్బలు పెరిగి కనీసం 15 సెకన్లు అలా నిలిచిందంటే, 32 వారాలు దాటిన బిడ్డలో మెదడు, నరాలు, గుండె మూడింటి మధ్య సంబంధం సవ్యంగా ఉందని అర్థం. 20 నిమిషాల్లో అలాంటివి రెండు కనిపిస్తే ఎన్.ఎస్.టి. బాగుందంటాం. బిడ్డ నిద్రలో ఉంటే 40 నిమిషాల దాకా చూస్తాం. గుండె మీద పెట్టిన ఆ యంత్రం నిజానికి మెదడు గురించే మనకు చెబుతోంది.

కడుపులో బిడ్డకు సామర్థ్యాలు వచ్చే క్రమం ఒకటుంది. 8 వారాల ప్రాంతంలో కండరాల బిగువు, ఆ వెంటనే కదలిక, 20 వారాలు దాటాక ఊపిరి ఆడించే కదలికలు, ఆరో నెల చివరికి కదలికతో పాటు గుండె వేగం లేవడం. ప్రాణవాయువు కొరత వచ్చినప్పుడు ఇవి వెనక నుంచి ముందుకు పోతాయి. చివర వచ్చిన సామర్థ్యం మొదట పోతుంది, ఎందుకంటే దాన్ని నడిపే మెదడు కేంద్రానికి ప్రాణవాయువు అవసరం ఎక్కువ. అంటే గుండె వేగం లేవడం, ఊపిరి కదలికలు ముందు తగ్గుతాయి, తర్వాత శరీరపు కదలికలు తగ్గుతాయి, అన్నిటికంటే చివర బిగువు పోతుంది. 1980లో మానింగ్ అనే వైద్యుడు ప్రవేశపెట్టిన బయోఫిజికల్ ప్రొఫైల్ అనే పరీక్షలో ఈ నాలుగింటినీ, ఉమ్మనీటినీ కలిపి చూస్తారు. తల్లికి తెలిసేది ఈ వరుసలో మూడోది. అందువల్ల కదలికలు తగ్గాయని తల్లి చెప్పినప్పుడు, అంతకుముందే పోవలసినవి పోయాయేమో చూడాలన్నదే నా మొదటి ఆలోచన.

పదేళ్ల కిందట ఉదయగిరి వైపు నుంచి 33 వారాల గర్భంతో ఒక తల్లి వచ్చింది. రెండు రోజులుగా బిడ్డ సరిగా తిరగడం లేదని ముందురోజు ఒకచోట చెబితే, చేతి డాప్లర్‌తో అరనిమిషం విని, 140 ఉంది, బాగుందని చెప్పి పంపించారట. మేం ఎన్.ఎస్.టి. పట్టీ కట్టి 40 నిమిషాలు చూశాం. వేగం 140 దగ్గరే ఉంది. కానీ గీత స్కేలు పెట్టి గీసినట్టు ఉంది, ఒక్క చోట కూడా పైకి లేవలేదు. డాప్లర్‌లో బొడ్డుతాడులో రెండు దెబ్బల మధ్య ప్రవాహం పూర్తిగా లేదు, మెదడు నాళం బాగా వెడల్పయి ఉంది. బిడ్డ ఊపిరితిత్తుల కోసం ఇచ్చే డెక్సామెథసోన్ ఇంజక్షన్ ఒక్కటి మాత్రమే ఇవ్వగలిగాం. ఆ రాత్రే ఆపరేషన్ చేశాం. బిడ్డ 1.35 కిలోలు; పుట్టగానే ఏడవలేదు, చాలా రోజులు యంత్రాల మధ్య ఉంది. ఇప్పుడు బడికి వెళ్తోంది. ముందురోజు 140 అని చెప్పినవారు అబద్ధం చెప్పలేదు. ఆ అంకె బిడ్డ బతికి ఉందని చెప్పింది, అంతకుమించి ఏమీ చెప్పలేదు. ఆన్‌లైన్‌లో దొరికే చేతి డాప్లర్ కొని ఇంట్లో వినాలనుకునేవారికి కూడా ఇదే చెబుతాను: అందులో తల్లి నాడి చప్పుడే బిడ్డదనుకునే ప్రమాదం అదనంగా ఉంటుంది.

మీ అత్తగారి మాటకు వస్తాను. ఆమె అనుభవంతో చెప్పినదే అయినా, అందులో సగమే నిజం. నెలలు నిండే కొద్దీ కదలికల తీరు మారుతుంది. తన్నడం తగ్గి దొర్లడం, ఒత్తడం ఎక్కువవుతుంది. కానీ కాన్పు నొప్పులు మొదలయ్యేదాకా కదలికలు నిలకడగానే ఉండాలి. బిడ్డ నిద్ర సాధారణంగా 20 నుంచి 40 నిమిషాలు, అరుదుగా గంటన్నర. అంతకుమించి స్తబ్దుగా ఉంటే నిద్ర అని సరిపెట్టుకోలేం. మాయ ముందుగోడకు ఉన్నవారికి కదలికలు కొంత మెత్తగా తెలుస్తాయి, నిజమే. అయితే వాళ్లకు అది మొదటి నుంచీ అలాగే ఉంటుంది, ఉన్నట్టుండి నిన్న సాయంత్రం మొదలవదు. మామూలు రోజుల్లో సందేహం వస్తే అన్నం తిన్నాక ఎడమవైపు తిరిగి పడుకొని, రెండు గంటల్లో పది కదలికలు వస్తాయో లేదో లెక్కపెట్టమని చెబుతాం. ఎక్కిళ్లు లెక్కలోకి రావు. అయితే ఈ పది అన్న లెక్క కంటే మీ బిడ్డకు రోజూ ఉండే అలవాటు మారిందా అన్నదే నాకు ముఖ్యం. మీరు మాత్రం ఇప్పుడు లెక్కపెడుతూ కూర్చోవద్దు. చల్లటి పానీయమో తీపో తీసుకొని బిడ్డను లేపే ప్రయత్నంతో సమయం పోగొట్టవద్దు.

మీవారు ఇంకెక్కడో చదివి, మెదడు నాళంలో వేగం పెరిగితే బిడ్డకు రక్తహీనతేనా అని కూడా అడిగారు. అది వేరే కొలత. అదే నాళంలో గరిష్ఠ వేగం ఆ నెలలకు ఉండవలసిన మధ్యస్థ విలువకు ఒకటిన్నర రెట్లు దాటితే బిడ్డలో రక్తహీనత అనుమానిస్తాం. మారి అనే వైద్యుడి బృందం 2000లో ఈ పద్ధతిని నిరూపించింది. ఎక్కువగా తల్లిది ఆర్‌హెచ్ నెగటివ్ గ్రూపు అయినప్పుడు దీని అవసరం వస్తుంది. మీది బి పాజిటివ్ అని రాశారు. మీ హిమోగ్లోబిన్ 9.4 ఉందన్నదానికీ బిడ్డ రక్తహీనతకూ నేరుగా సంబంధం లేదు, దానికి మీకు వైద్యం విడిగా జరగాలి.

ఆసుపత్రిలో ఏం జరగవచ్చో చెబుతాను. ముందు మీ బి.పి., మూత్రంలో ప్రోటీన్ చూస్తారు. ఎందుకంటే ఎదుగుదల తగ్గిన బిడ్డ వెనక తల్లి బి.పి. దాగి ఉండటం తరచుగా జరుగుతుంది. ఎన్.ఎస్.టి. పెడతారు, ఉమ్మనీరు, డాప్లర్ మళ్లీ చూస్తారు. గుండె గీత చక్కగా లేచి, బిడ్డ కదలికలు కనిపిస్తే, వారానికి రెండుసార్లు చూస్తూ 37 వారాల దాకా తీసుకెళ్లే ప్రయత్నం చేయవచ్చు. గీత బాగా లేకపోతే అంత ఆగరు. కాన్పు ముందే చేయవలసి వస్తుందనుకుంటే బిడ్డ ఊపిరితిత్తుల కోసం డెక్సామెథసోన్ 6 మిల్లీగ్రాములు, 12 గంటలకు ఒకటి చొప్పున నాలుగు ఇంజక్షన్లు ఇవ్వాలా అన్నది వారాలను బట్టి మీ డాక్టరు నిర్ణయిస్తారు. ఆ మందు ఇచ్చాక రెండు మూడు రోజులు బిడ్డ కదలికలు, గుండె గీతలోని హెచ్చుతగ్గు తాత్కాలికంగా తగ్గవచ్చు. అందుకే మీ బిడ్డ కదలికలు ఇంజక్షన్‌కు ముందే తగ్గాయన్న సంగతి మీరు తప్పకుండా చెప్పి, కేసు షీటులో రాయించండి.

మరొక్క మాట. ఎనిమిదో నెలలో వింజమూరులో పరీక్షలు, తొమ్మిదో నెలలో పుట్టింటికి కావలి అన్నది మన దగ్గర మామూలే. ఆ మార్పులో పాత కాగితాలు అత్తగారింట్లోనే ఉండిపోతాయి. మూడో నెల స్కానింగు లేకపోతే బిడ్డకు ఎన్ని వారాలో కచ్చితంగా తెలియదు, వారాలు తెలియకపోతే 1.8 కిలోలు తక్కువో కాదో, 1.14 తక్కువో కాదో ఎవరూ చెప్పలేరు. మూడో నెలది, అయిదో నెలది, మొన్నటిది, మూడు స్కానింగు రిపోర్టులూ, తల్లీబిడ్డల కార్డూ ఒకే కవరులో పెట్టుకొని వెళ్లండి. బండిలో వెల్లకిలా కాకుండా ఎడమవైపు ఒత్తిగిల్లి పడుకోండి. చేరగానే వరుసలో కూర్చోకుండా, ‘34 వారాలు, నిన్న సాయంత్రం నుంచి కదలికలు తగ్గాయి, మెదడు డాప్లర్ తేడాగా ఉంది’ అని మొదట కనిపించిన సిస్టరుతో చెప్పండి.